వాన కబురు పంపే ఫోన్ సేవ: ఒక వేరుశనగ రైతు అనుభవం

అనంతపురం పక్కన మాకున్న ఆరెకరాల మెట్టచేనులో ఏటా వేరుశనగే వేస్తాము. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ మాత్రమే వాన కురిసే ఈ జిల్లాలో నేలలో విత్తడానికి తగిన తడి, అంటే పదును, దొరికిన రోజే విత్తే గొర్రు కట్టాలి కనుక, ఆ రోజును ముందుగా చెబుతామన్న ఒక ప్రైవేటు ఫోన్ సేవకు నిరుడు సీజనుకు 300 రూపాయలు చెల్లించాను.

సందేశం ప్రతి ఉదయమూ తప్పక వచ్చేది, తెలుగు చక్కగా ఉండేది. చిక్కంతా "వర్షం పడే అవకాశం ఉంది" అన్న ఒక్క వాక్యంతోనే వచ్చింది. ఆరుద్ర కార్తెలో ఆ మాట నమ్మి విత్తనకాయలు ఒలిపించి, మందు పట్టించి, ట్రాక్టరుకు చెప్పి ఉంచాము. సాయంత్రం రాలిన చినుకులకు గట్టు మీద పెట్టిన గిన్నె అడుగు మాత్రం తడిసింది. వేలు గుచ్చి చూస్తే మొదటి కణుపు దాటకముందే ఎర్రమట్టి పొడిగా తగిలింది. వాతావరణ శాఖ లెక్కలో 2.5 మిల్లీమీటర్లు పడినా అది వాన దినమే కావచ్చు గాని, విత్తడానికి ఆ తడి ఏ మూలకూ చాలదు. ఒలిచిన పప్పు ఎన్నాళ్లో నిలవదు, ఒలుపు కూలి ఎలాగూ తిరిగి రాదు.

బార్బడోస్‌లోని ప్రాంతీయ వాతావరణ సంస్థ కరీబియన్ దీవుల కోసం వెలువరించే అంచనాలను చూశాక ఈ సేవలో లోపం ఎక్కడుందో స్పష్టమైంది. అక్కడ కూడా జూన్ నుంచి నవంబరు వరకే వానకాలం, ఎల్ నినో వస్తే, అంటే పసిఫిక్ సముద్రపు నీరు మామూలు కంటే వేడెక్కితే, మనకు లాగే వారికీ వానలు తగ్గే ప్రమాదం ఉంది. అయినా ఆ సంస్థ రాబోయే మూడు నెలలకు ఇచ్చే అంచనా వాన వస్తుందని గాని, రాదని గాని తేల్చి చెప్పదు. మామూలు కంటే తక్కువ, మామూలు, ఎక్కువ అన్న మూడింటికీ ఎన్నెన్ని పాళ్ల అవకాశముందో శాతాలలో ఇస్తుంది. కరవు బులెటిన్‌లోనయితే గడచిన ఒక నెల, మూడు, ఆరు, పన్నెండు నెలల లోటును వేరువేరుగా చూపుతారు. ఈ పద్ధతే నాకు అన్నిటికంటే నచ్చింది, ఎందుకంటే నెల లోటు చేనును ఎండబెడితే ఏడాది లోటు బోరును ఎండబెడుతుంది.

మన వాతావరణ శాఖ వారానికి రెండుసార్లు ఉచితంగా ఇచ్చే వ్యవసాయ సలహాలోనూ రానున్న ఐదు రోజుల వాన మిల్లీమీటర్లలో ఉంటుంది. డబ్బు తీసుకునే సేవ ఆ అంకె కూడా ఇవ్వకపోవడం నాకు సమంజసంగా తోచలేదు. గాలివేగం, తేమ వివరాలు మాత్రం సరిగానే ఉండేవి కనుక, నీటి వసతి ఉండి టమోటాకు మందు కొట్టుకునే వారికి ఇది పనికిరావచ్చు. మెట్ట రైతుకు కాదు. ఈ ఏడు నేను రుసుము కట్టలేదు.