మంచులో ఒంటరి రాత్రి: కందకమా, గుహా, నెగడా... ఏది మేలు?

సంక్రాంతి సెలవులకు నెల్లూరులోనో ఒంగోలులోనో రైలెక్కి, ఢిల్లీ మీదుగా ఉత్తరాఖండ్ మంచుకొండలకు పోయే కుర్రాళ్లు తక్కువేమీ లేరు. సాంక్రి ఊరి నుంచి 3,800 మీటర్ల కేదార్‌కంఠ శిఖరం దాకా గైడు వెంట నడిచినంతసేపూ పెద్ద భయం లేదు. మంచు తెర కమ్మి, జట్టు నుంచి విడిపోయి, పొద్దుగూకే వేళకు ఒక్కరే మిగిలితేనే చిక్కు. మన దగ్గర జనవరి తెల్లవారుజామున కూడా 20 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. అక్కడ రాత్రి మైనస్ 10కి దిగడం మామూలే. తిండి లేకుండా కొన్ని రోజులు గడపొచ్చు గానీ, తడిబట్టలతో ఆ గాలిలో కొన్ని గంటలు నిలవడమే కష్టం. అందుకే చీకటిపడేందుకు ఇంకా రెండు గంటలుండగానే నడక ఆపి, తలదాచుకునే చోటు చూసుకోవాలి.

మంచు తెలియని మనవాళ్లు ఒంటరిగా చిక్కుకుంటే, మనిషి పడుకునేంత గోయి మంచులో తవ్వి పైన కప్పేసుకునే కందకమే మేలు. మంచు మేటను తొలిచి చేసుకునే గుహ అంతకంటే వెచ్చగా ఉంటుంది, కాదనలేం. బయట మైనస్ 20 ఉన్నా, బాగా కట్టిన గుహలో ఉష్ణోగ్రత సున్నాకు కాస్త కిందే నిలుస్తుంది. రొయ్యల ఐసు పెట్టెలో థర్మకోల్ చేసే పనే ఇక్కడ మంచు చేస్తుంది: లోపల చిక్కుకున్న గాలి వేడిని దాటనివ్వదు. అయితే ఆ వెచ్చదనానికి చాలా చెల్లించాలి. గుహ తొలవాలంటే కనీసం రెండు మీటర్ల లోతున గట్టిపడిన మంచు మేట కావాలి. అది లేకపోతే మనిషెత్తుకు మించి మంచు కుప్పపోసి, గంటా రెండు గంటలు గట్టిపడనిచ్చి, ఆ తర్వాత తొలవాలి. మొత్తం మూడు నాలుగు గంటల పని. గోడ మందం తెలియడానికి 30 సెంటీమీటర్ల పుల్లలు బయటి నుంచి గుచ్చి, లోపల వాటి కొస కనపడగానే తవ్వడం ఆపాలి. పడుకునే అరుగు వాకిలి కంటే ఎత్తులో ఉండాలి, లేకపోతే వేడిగాలి వాకిట్లోంచి జారుకుంటుంది. కప్పు లోపలి వైపు నున్నగా వంపు తీయకపోతే రాత్రంతా నెత్తిన చినుకులే.

అసలు ముప్పు చెమట. పడుకుని తవ్వేవాడి మీద మంచు రాలుతుంది, లోపల ఒళ్లు తడుస్తుంది, పని ఆగిన పావుగంటకు వణుకు మొదలవుతుంది. కప్పు కూలితే బయటికి లాగే రెండో మనిషి కూడా ఉండడు.

కందకానికి పారతో ముప్పావు గంట, మహా అయితే గంట చాలు. మీ ఎత్తుకు 30 సెంటీమీటర్లు ఎక్కువ పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు, 90 సెంటీమీటర్ల లోతు. ఇంకా వెడల్పు చేయాలనిపిస్తుంది, చేయొద్దు. ఎంత ఇరుకైతే మీ ఒంటి వేడి వేడెక్కించాల్సిన గాలి అంత తక్కువ. పొడవు గాలికి అడ్డంగా ఉండాలి. పైన నడక కర్రలో కొమ్మలో జానెడు దూరంలో అడ్డంగా పేర్చి, టార్పాలిన్ పట్ట కప్పి, అంచులు మంచుతో తొక్కి, మీద ఇంకో 15 సెంటీమీటర్లు మంచు పోయాలి. కర్రలు ఎడంగా వేస్తే పట్ట బానపొట్టలా కిందికి దిగి మొహాన తగులుతుంది. గాలి రాని కొసన దూరేందుకు సందు ఉంచి, లోపలికి వెళ్లాక బ్యాగుతో మూసేయాలి. తల దగ్గర పిడికిలంత రంధ్రం తప్పనిసరి. అందులో ఒక కర్ర ఉంచి, మెలకువ వచ్చినప్పుడల్లా ఆడించాలి. మంచు కురిసే రాత్రి అది మూసుకుపోతే ఊపిరాడదు. లోపల స్టవ్ వెలిగించొద్దు, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే చంపేస్తుంది.

పైకప్పు కంటే పరుపు ముఖ్యమన్న సంగతి చాలామందికి తట్టదు. ఒంటి వేడిని కింది మంచు గట్టిగా లాగేస్తుంది. ఫోమ్ చాప లేకపోతే దేవదారు, ఫర్ లాంటి సూదాకుల చెట్ల రెమ్మలు ఒత్తినా జానెడు మందం మిగిలేలా పరవాలి. తాడు మొదలు ఏదున్నా కిందే వేయాలి.

చోటు ఎంచుకునేటప్పుడు రెండు జాగ్రత్తలు. 30 నుంచి 45 డిగ్రీల వాలు కింద తవ్వొద్దు, మంచుచరియలు ఎక్కువగా విరిగిపడేది అలాంటి వాలుల మీదే. లోయ అట్టడుగునా వద్దు, చల్లగాలి బరువెక్కి అక్కడే చేరుతుంది.

ఇక నెగడు. మనకు ముందు తట్టేది అదే, ఎందుకంటే మన చలికి చలిమంట చాలు. అక్కడ మంచు మీద నేరుగా మంట వేస్తే అది కరిగిన గుంటలోకి దిగి ఆరిపోతుంది. కింద మణికట్టంత లావు పచ్చి దుంగలు పేర్చాలి. మంచు మోస్తున్న కొమ్మల కింద వేస్తే వేడికి ఆ మంచంతా ఒక్కసారి మంట మీద పడుతుంది. నిలబడి ఎండిన చెట్టు కావాలి, రంపం కావాలి, రాత్రంతా లేచి ఎగదోయాలి. చాలనుకున్న కట్టెలకు మూడింతలు పోగేసినా తెల్లారేసరికి మిగలవు. లద్దాఖ్ వైపు చెట్లే అరుదు. కేదార్‌కంఠ ఉన్న గోవింద్ పశు విహార్ అభయారణ్యం కాబట్టి అక్కడ సరదా మంటలు కూడదు, ప్రాణం మీదికొస్తే అది వేరే సంగతి.

కానీ నీళ్ల విషయంలో నెగడుకు సాటి లేదు. కిలో మంచు తిని ఒంటి వేడికి తేవాలంటే శరీరం దాదాపు 117 కిలోకేలరీలు ఖర్చు పెట్టాలి. అందుకే గిన్నెలో కాసిని నీళ్లు అడుగున పోసి, మంచు కొంచెం కొంచెంగా వేస్తూ కరిగించి తాగాలి. కట్టె దొరికితే కందకం ముగించాక, నీళ్లకోసం గంటసేపు చిన్న మంట వేసుకోండి. రాత్రంతా కాపాడే పని మాత్రం దానికి అప్పగించొద్దు.

ఇవన్నీ బ్యాగులో ఏముందన్నదాన్ని బట్టే. విడదీసే అల్యూమినియం పార, 2.5×3 మీటర్ల పట్ట, ఫోమ్ చాప, రెండు లైటర్లు, విజిల్, కోతిటోపీ, తడవకుండా కవరులో చుట్టిన ఒక ఉన్ని జత. కాటన్ బనియన్లు ఇంట్లోనే వదిలేయండి, తడిస్తే ఆరవు. వేరుశెనగ చిక్కీని ముందే చిన్న ముక్కలు చేసి లోపలి జేబులో వేసుకుంటే పడుకునే ముందు నాలుగు నమలొచ్చు. ఫోను ఒంటికి ఆనించి పెట్టుకోండి, చలికి బ్యాటరీ ఇట్టే పడిపోతుంది. సిగ్నల్ దొరికితే అత్యవసర నంబరు 112కు ఫోన్ చేయండి. దొరక్కపోతే తెల్లారాక ఉన్నచోటే ఉండి, మూడు విజిళ్లు, కాస్త విరామం, మళ్లీ మూడు.