రుచి చూపించిన పూతరేకు ఒకటి, డబ్బాలో పెట్టింది ఇంకొకటి: హైవే మీద కొనేవాళ్ళు జాగ్రత్త

సంక్రాంతి అయ్యాక కాకినాడ నుంచి హైదరాబాద్ తిరుగు ప్రయాణం. ఆ రోజు రోడ్డు ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. రావులపాలెం దాటాక హైవే పక్కన 'ఆత్రేయపురం ఒరిజినల్' అని పెద్ద బోర్డు, దాని ముందు వరసగా కార్లు. బెల్లం, నెయ్యి, జీడిపప్పు రకం. డబ్బాకు 10, ధర 400. ఐదు డబ్బాలకు 2000 రూపాయలు ఫోన్‌లో కొట్టాను. బిల్లు ఇవ్వలేదు.

మోసం జరిగింది ఇక్కడే. దుకాణం అతను పళ్ళెంలోంచి ఒక పూతరేకు తీసి, సగానికి విరిచి చేతిలో పెట్టాడు. అది నిజంగా మంచి సరుకు. నాలుక మీద పెట్టగానే రేకు కరిగిపోయింది, బెల్లం పొడిపొడిగా ఉంది, యాలకుల కన్నా ముందు నెయ్యి వాసన తగిలింది. "ప్యాక్ చేసేది ఇదేనా?" అంటే "ఇదే సార్, పొద్దున చుట్టించాం" అన్నాడు. ఆ మాట అంటూనే, పళ్ళెం జోలికి పోకుండా, వెనక అరలోంచి ముందే టేపు వేసి ఉన్న డబ్బాలు తీసి సంచిలో వేశాడు. నా కళ్ళ ముందే. ఒక్క డబ్బా విప్పి చూపించమని అడగాల్సింది. ట్రాఫిక్ పెరిగిపోతుందన్న తొందరలో అడగలేదు, ఆ తప్పు నాది.

హైదరాబాద్ దగ్గర పడ్డాక వచ్చే పంతంగి టోల్‌గేటు ముందు బండ్లు కదలక డబ్బా విప్పితే సంగతి తెలిసింది. రేకు మందంగా ఉంది, అట్టముక్క నమిలినట్టు. మంచి రేకు వెలుతురుకు పెట్టి చూస్తే అవతల ఉన్న వేలు కనిపిస్తుంది. నానబెట్టిన బియ్యాన్ని మెత్తగా రుబ్బి, ఆ పల్చటి పిండిలో గుడ్డ ముంచి, కాలుతున్న కుండ అడుగు మీద ఒక్క లాగు లాగితే వచ్చే పొర అది. పిండి చిక్కగా ఉంటే ఆ పల్చదనం రాదు. పైగా లోపల బెల్లం చెమ్మ పీల్చుకుని పొరలన్నీ ముద్దగా అతుక్కుపోయాయి. అంటే చుట్టి చాలా రోజులైందన్న మాట.

అన్నిటికన్నా ఘోరం నెయ్యి. నెయ్యి నోటి వేడికి ఇట్టే కరుగుతుంది. ఇది అంగిట్లో మైనంలా పట్టుకుంది, ఫ్లాస్కులో వేడినీళ్ళు తాగితే గానీ వదల్లేదు. చలికి పేరుకుందేమో అనుకోవద్దు. జనవరిలో అసలు నెయ్యీ పేరుకుంటుంది, కానీ నోట్లో నిలవదు. దానికి తోడు కమటు వాసన. ఇది వనస్పతే అని నా నమ్మకం, ల్యాబులో తేలాలి. వనస్పతిలో నువ్వుల నూనె కలపాలని మన దేశంలో నిబంధన పెట్టిందే, దాన్ని నెయ్యిలో కలిపితే పరీక్షలో దొరికిపోవాలని.

డబ్బా మీది నంబరుకు ఫోన్ చేశాను. ఆ పళ్ళెంలో సరుకు వేరు, ఈ డబ్బాలో సరుకు వేరు అని చెప్పాను. కాదని కూడా అనలేదు. "హైవే మీద కొన్నది హైవే మీదే మర్చిపోవాలి సార్. మళ్ళీ మీరు వచ్చేదా, నేను చూసేదా" అని పెట్టేశాడు. 2000 పోయినందుకు కాదు, ఆ మాటకే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో జీఐ గుర్తింపు, అంటే ఆ ఊరి సరుకుగా అధికారిక గుర్తింపు వచ్చింది. కుండ సెగ దగ్గర కూర్చుని ఒక్కో రేకూ లాగే ఆడవాళ్ళ కష్టం మీద నిలబడిన పేరు అది. ఆ పేరును బోర్డు మీద రాసుకుని వీళ్ళు చేసే పని ఇదా?

కొనేటప్పుడు రుచి చూసిన పళ్ళెంలోంచే, మీ ఎదుటే డబ్బా నింపించండి. ఒప్పుకోకపోతే బండెక్కి వచ్చేయండి. డబ్బా మీద తయారీ తేదీ, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నంబరు ఉన్నాయో లేదో చూడండి. నా డబ్బాల మీద ఫోన్ నంబరు తప్ప ఏమీ లేదు. బిల్లు అడగండి, అది లేకపోతే ఫిర్యాదు బలహీనపడుతుంది. వీలైతే రావులపాలెం దగ్గర పక్కకు తిరిగి ఆత్రేయపురం ఊళ్ళోకే వెళ్ళండి, దూరం పెద్దగా లేదు. తాపేశ్వరం మడత కాజా అయితే పాకం పట్టిన సరుకు కాబట్టి ప్రయాణానికి తట్టుకుంటుంది, పూతరేకు అలా కాదు.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తున్నాను. మిగతా నాలుగు డబ్బాలూ టేపు తియ్యకుండా అలాగే ఉంచాను.