ఆంఫోటెరిసిన్: మామూలుదా, లైపోసోమలా?

2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు హైదరాబాద్‌లో, విజయవాడలో జనం కాళ్లరిగేలా తిరిగింది లైపోసోమల్ ఆంఫోటెరిసిన్ బి అనే ఫంగస్ మందు కోసమే. అదే మందు మామూలు రూపంలో చౌకగా ఉంది కదా, అది వాడితే పోలా?

మామూలుది ఎక్కిస్తే చాలామందికి చలి, వణుకు, జ్వరం వస్తాయి, కానీ అసలు దెబ్బ కిడ్నీల మీద: క్రియాటినిన్ (కిడ్నీలు సరిగా వడకట్టకపోతే రక్తంలో పేరుకునే వ్యర్థం) పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది, అందుకే రక్తపరీక్షలు చేస్తూనే ఉండాలి. లైపోసోమల్‌లో మందును 100 నానోమీటర్ల కంటే చిన్న కొవ్వు బుడగల పొరలో ఇరికిస్తారు కాబట్టి అది కిడ్నీ కణాలను నేరుగా తాకడం తగ్గి, ఎక్కువ డోసు ఇవ్వడానికి వీలవుతుంది. బ్లాక్ ఫంగస్‌కు రోజుకు కిలో బరువుకు 5 నుంచి 10 మిల్లీగ్రాములు ఇస్తారు, మామూలుదైతే 1.5 దాటకూడదు.

నానో అనగానే పూర్తిగా సేఫ్ అనుకోకండి. కిడ్నీ ప్రమాదం తగ్గుతుందే తప్ప పోదు, పైగా మొదలెట్టిన కొద్ది నిమిషాలకే కొందరికి ఛాతీ పట్టేసి ఊపిరాడనట్టు అవుతుంది. నన్నడిగితే అన్నిటికంటే టెన్షన్ పడాల్సింది పేర్ల తికమకకి. లైపోసోమల్ డోసులో పొరపాటున మామూలుది ఎక్కిస్తే గుండె ఆగిపోవచ్చు, అలా ప్రాణాలు పోయాయి కూడా.

ఇక ఖర్చు. 60 కిలోల మనిషికి తక్కువ డోసు లెక్కేసినా రోజుకు 50 మిల్లీగ్రాముల వయల్స్ ఆరు కావాలి, అదీ వారాల తరబడి. స్తోమత ఉంటే లైపోసోమలే మేలు. దొరక్కపోతే మాత్రం దానికోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా, డాక్టర్ కిడ్నీలను కనిపెట్టుకుంటూ మామూలుదే మొదలెట్టడం నయం.