14 వాక్యాల ఫారం, అందులో నా సొరుగు ఒకటి

అమ్మ పోయిన నాలుగో నెలలో కౌన్సెలింగ్‌కి వెళ్తే, మొదటి రోజే చేతిలో ఒక ఫారం పెట్టారు. పేరు బిరీవ్‌మెంట్ గిల్ట్ స్కేల్, అంటే అయినవాళ్లు పోయాక మనలో మిగిలే గిల్ట్‌ని, తప్పు చేశానన్న భావాన్ని, కొలిచేది. జియే లీ, మార్గరెట్ స్ట్రోబ్, ఇంకొందరు పరిశోధకులు కలిసి తయారుచేసి 2017లో ప్రచురించారట. 14 వాక్యాలు, ఒక్కోటి మనకి ఎంతవరకు వర్తిస్తుందో గుర్తు పెట్టాలి, అంతే. ఏడుపుకి మార్కులేంటి అని చిరాకు పడుతూనే పెన్ను తీసుకున్నాను.

నింపాక ఆ చిరాకు పోయింది. దుఃఖాన్ని కొలిచే ఫారాలు ఇంతకు ముందూ ఉన్నాయి. 1995 నాటి ఇన్వెంటరీ ఆఫ్ కాంప్లికేటెడ్ గ్రీఫ్‌లో 19 అంశాలుంటే, గిల్ట్‌కి దగ్గరగా వచ్చేది ఒక్కటే, వాళ్లు పోయి నేను బతికుండటం అన్యాయం అనిపిస్తోందా అన్నది. ఇది అలా కాదు, "నా వల్లే" అనే ముద్దని ఐదు ముక్కలు చేస్తుంది: చావుకి నేనే బాధ్యుణ్ణి, బతికుండగా నొప్పించాను, వాళ్లు పోయి నేను మిగిలాను, రుణం తీర్చుకోలేదు, చివరికి మొత్తం బరువు ఎంత అని. మొదటిదాంట్లో నాకేం పెద్దగా రాలేదు, క్యాన్సర్‌కి నేనేం చేస్తాను. రెండోదాని దగ్గర పెన్ను ఆగిపోయింది. ఆఖరి వారంలో చెవి మిషన్‌కి బ్యాటరీ మార్చమని అమ్మ మూడుసార్లు అడిగింది, రేపు రేపు అన్నాను, నాలుగోసారి అడిగితే కసిరాను. సీలు విప్పని ఆ బ్యాటరీల అట్ట ఇప్పటికీ నా సొరుగులోనే ఉంది. నాలుగు నెలలుగా నన్ను తినేస్తున్నది ఆ అట్టేనని ఫారం నింపుతుంటేనే తెలిసింది.

లోపాలూ ఉన్నాయి. ఇక ఆస్పత్రికి తిరగక్కర్లేదని అమ్మ పోయిన రాత్రి నాకు ఒక్క క్షణం హమ్మయ్య అనిపించింది, దానికి పడ్డ సిగ్గుని ఈ ఐదింటిలో ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఇంకోటి, ఇది జబ్బు తేల్చే పరీక్ష కాదు, అయినా అక్కడివాళ్లు మొత్తం కూడి ఒక అంకె చెప్పి ఊరుకున్నారు. ఆరు వారాలకి మళ్లీ నింపితే ఆ అంకె ఇంచుమించు అలాగే ఉంది, కానీ విడివిడిగా చూస్తే నొప్పించానన్నది బాగా తగ్గి, రుణం పెరిగింది. కూడికలో అది కనపడదు, కాబట్టి మీకిస్తే ఏ ముక్కకి ఎంతొచ్చిందో అడిగి చూపించుకోండి.

ఫారానికి నాలుగు స్టార్లు. దాన్ని వెయిటింగ్ హాల్లో, ఇద్దరు కొత్తవాళ్ల మధ్య కూర్చోబెట్టి నింపించిన పద్ధతికి ఒకటి కూడా ఎక్కువే.