1/72 డకోటా కిట్: కట్టుబడి బాగుంది, తాళాలే లేవు

సికింద్రాబాద్ హాబీ షాపుల్లో దొరుకుతున్న ఈ డకోటా (డీసీ-3) విమానం ప్లాస్టిక్ కిట్ అసలుదానిలో 72వ వంతు. కొనేముందు అల్మారా అర కొలుచుకోండి. పూర్తయ్యాక రెక్కల వెడల్పు 40 సెంటీమీటర్లు ఉంటుంది. పాతకాలపు హైదరాబాద్ విమాన సంస్థ దక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట నుంచి నడిపిన విమానం ఇదే. అయినా డెకాల్స్‌లో (మోడల్‌కి అతికించే పేర్లు, గుర్తుల్లో) ఆ పేరు లేదు, విడిగా ప్రింట్ చేయించుకోవాల్సిందే.

ఎడమవైపు వెనకున్న పెద్ద జంట తలుపు డకోటా మిలిటరీ రకమైన సీ-47ది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక మిగిలిన సీ-47లు బోలెడన్ని ప్రయాణికుల విమానాలయ్యాయి కాబట్టి దాన్ని పుట్టీతో పూడ్చక్కర్లేదు.

ఎక్కువమంది పొరబడేది రెక్కల దగ్గర. నడిమి భాగం బల్లపరుపుగా ఉండి, ఇంజన్లు దాటాకే రెక్క పైకి లేస్తుంది. జిగురు ఆరేదాకా రెండు కొసల కిందా సమాన ఎత్తులో అగ్గిపెట్టెలు పేర్చి ఉంచండి. తోక కింద చక్రమున్న విమానం కదా, వెనక్కి వాలే నిలబడుతుంది, ముక్కులో బరువు పెట్టే పని లేదు.

ఇంజన్లే ఈ కిట్‌కి ప్రాణం. ఏడేసి సిలిండర్లు రెండు వరసల్లో, మొత్తం 14 స్పష్టంగా అచ్చయ్యాయి. కెనడాలోని ఎల్లోనైఫ్‌లో 2013లో ఇలాంటి ఒక్క సిలిండర్‌కి పడిన పగులుతోనే టేకాఫ్‌లో కుడి ఇంజన్ ఆగి మంటలొచ్చాయి. ఇంజన్ ఆగితే ప్రొపెల్లర్ బ్లేడ్లను గాలికి అంచు చూపేలా తిప్పాలి, దాన్నే ఫెదరింగ్ అంటారు. అక్కడ అది పూర్తిగా జరగలేదు, పైగా విమానంలో బరువు ఎక్కువ. అదృష్టం కొద్దీ 24 మందీ బతికారు. నాగపూర్‌లో 1953 డిసెంబరులో నైట్ మెయిల్ డకోటా ఇంజన్ చెడి కూలినప్పుడు 13 మంది పోయారు. ఈ కిట్‌లో బ్లేడ్లు హబ్‌తో కలిపి పోశారు, ఫెదర్ చేసి చూపించే వీల్లేదు. ఇది పెద్ద లోటే.

అంతకన్నా పెద్దది, కంట్రోల్ లాకులు ఇవ్వకపోవడం. నేలమీద గాలికి కొట్టుకోకుండా రడ్డర్‌కీ (తోక మీద కదిలే నిలువు పలక) ఎలరాన్లకీ (రెక్కల వెనకంచున కదిలే పలకలు) బయటినుంచి బిగించే తాళాలివి. 1977 డిసెంబరు 13న అమెరికాలోని ఎవాన్స్‌విల్‌లో రడ్డర్‌వీ, కుడి ఎలరాన్‌వీ తీయకుండానే డీసీ-3 ఎగిరింది. బరువు కూడా వెనక్కి పడటంతో అదుపు తప్పి 29 మంది చనిపోయారు. రడ్డర్ కాక్‌పిట్‌లోంచి కనబడదు. విమానం చుట్టూ నడిచి, చేత్తో తాకి చూడాల్సిందే.

2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పట్టీని మడిచి, ఎర్ర రంగేసిన సన్నటి కాగితం వేలాడదీస్తే తాళం తయారవుతుంది. విమానం నిలబెట్టినట్టు చూపిస్తేనే పెట్టండి. చక్రాలు మడిచి స్టాండు మీద ఎగరేసేవాళ్ళు వీటిని అతికించకూడదు.