ఏడేళ్లుగా ప్రిటియర్ వాడుతున్నవాడి మాట

ముందే చెప్పేస్తున్నా. ప్రిటియర్ దిద్ది ఇచ్చే కోడ్ చూడటానికి నాకు నచ్చదు. చాలాచోట్ల నేను చేత్తో రాసిందే బాగుంటుందని ఇప్పటికీ నా నమ్మకం. అయినా ఈ ఏడేళ్లలో నేను చేరిన ప్రతి ప్రాజెక్టులోనూ మొదటి వారంలోనే దాన్ని పెట్టించాను. ఈ రెండు మాటలకీ పొంతన లేదని మీకు అనిపిస్తే న్యాయమే, నాకూ మొదట్లో అలాగే అనిపించింది.

పేరు వినని వాళ్లకి రెండు ముక్కలు. ప్రిటియర్ ఒక కోడ్ ఫార్మాటర్. జావాస్క్రిప్ట్, టైప్‌స్క్రిప్ట్, సీఎస్ఎస్, మార్క్‌డౌన్ లాంటివి మనం ఎలా రాసినా, ఫైల్ సేవ్ చేయగానే తన పద్ధతిలో సర్దేస్తుంది. జేమ్స్ లాంగ్ అనే డెవలపర్ 2017 జనవరిలో దీన్ని బయటపెట్టాడు. సర్దడం అంటే ఇక్కడో అక్కడో స్పేస్ జరపడం కాదు. కోడ్‌ని చదివి, దాని నిర్మాణాన్ని ఒక చెట్టులా మార్చుకుని, మనం ఎక్కడ లైన్ విరిచామో చాలావరకు పారేసి, మొత్తం మళ్లీ మొదటినుంచి అచ్చు వేస్తుంది. లైన్ 80 అక్షరాల్లో పడితే ఒకే లైను, పడకపోతే విరగ్గొడుతుంది. (ఈ 80 అనే అంకె 1928 నాటి ఐబీఎం పంచ్ కార్డు నుంచి వస్తోంది. ఆ కార్డుకి 80 నిలువు వరసలు ఉండేవి. కార్డులు పోయాయి, అంకె మాత్రం మన నెత్తినే ఉంది.)

ఆ విరగ్గొట్టే లెక్క ఫిలిప్ వాడ్లర్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త రాసిన పద్ధతి మీద ఆధారపడింది. ఇందులో నాకు భలే నచ్చే విషయం ఒకటుంది. ఇదే వాడ్లర్ పేరు మీద, ప్రోగ్రామింగ్ భాషలు తయారుచేసేవాళ్ల వాదనల గురించి సరదాగా ఒక సూత్రం కూడా ఉంది. భాషలో ఒక విషయం ఎంత చిన్నదైతే దాని మీద చర్చ అంతకి రెట్టింపు పెరుగుతూ పోతుందట. అర్థం మీద ఒక గంట, వాక్యనిర్మాణం మీద రెండు గంటలు, అక్షరాల స్థాయి నియమాల మీద నాలుగు, చివరికి కామెంట్లు ఏ గుర్తుతో మొదలవ్వాలి అన్నదాని మీద ఎనిమిది. మనం దేని మీద కొట్టుకుంటామో కనిపెట్టిన మనిషి లెక్కే, ఆ కొట్లాట ఆపే పనిముట్టుకి పునాది అయింది.

ఆ ఎనిమిది గంటల చర్చలో నేను ప్రేక్షకుణ్ణి కాదు, ముందు వరసలో ఉండేవాణ్ణి. సెమీకోలన్ ఉండాలా వద్దా, సింగిల్ కోట్సా డబుల్ కోట్సా, లైను ముందు ఖాళీకి ట్యాబా స్పేసా, అన్నిట్లోనూ నాకో పక్షం ఉండేది. 2017లో ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో సర్వేలో స్పేస్‌లు వాడేవాళ్లకి జీతాలు ఎక్కువని తేలినప్పుడు ఆ లింకు కనీసం నలుగురికి పంపి ఉంటాను. స్పేస్ కొడితే జీతం పెరగదని తెలియక కాదు, అవతలివాడి నోరు మూయించడానికి అది చాలు.

నా కళ్లు తెరిపించింది ఒక పుల్ రిక్వెస్ట్, అంటే రాసిన మార్పుని అసలు కోడ్‌లో కలిపే ముందు మిగతావాళ్లని చూడమని పెట్టే అభ్యర్థన. జాబితాని పేజీలుగా విడగొట్టే కోడ్ అది, మహా అయితే నలభై లైన్లు. దాని కింద 34 కామెంట్లు పడ్డాయి. తర్వాత కూర్చుని లెక్కపెడితే 29 అమరిక గురించే. బ్రాకెట్ ఇదే లైన్లో ఉండాలని నేను, కింది లైన్లోకి రావాలని ఇంకొకతను. మధ్యలో మూడో మనిషి వచ్చి చివరి కామా సంగతి తెచ్చాడు. రెండు రోజులకి అందరం అలసిపోయి సరేలెమ్మని మెర్జ్ చేశాం, అంటే అసలు కోడ్‌లో కలిపేశాం. వారం తిరక్కుండా చివరి పేజీ కనిపించట్లేదని ఫిర్యాదు వచ్చింది. షరతులో 'చిన్నది లేదా సమానం' ఉండాల్సిన చోట ఉత్త 'చిన్నది' గుర్తు ఉంది. ఆ లైను మీద నా కామెంట్ కూడా ఉంది. గుర్తుకి అటూ ఇటూ స్పేస్ వదలమని రాశాను. గుర్తు తప్పని మాత్రం చూడలేదు.

ఆ తర్వాతే ప్రిటియర్ పెట్టాం.

దీని గొప్పతనం అది చేసే పనిలో కంటే అది మనల్ని అడగని ప్రశ్నల్లో ఉంది. సెట్టింగులు చాలా తక్కువ, కొత్తవి కావాలంటే తయారుచేసేవాళ్లు సాధారణంగా ఒప్పుకోరు. 'బ్రాకెట్ కిందికి రావాలి' అన్న నా సహోద్యోగి కోరికకి అసలు స్విచ్చే లేదు. నాకు నచ్చిన సింగిల్ కోట్స్‌కి ఉంది కానీ, దాన్ని ముట్టుకోకూడదని ఒప్పందం చేసుకున్నాం. ఇద్దరం ఓడిపోయాం, అందుకే ఇద్దరికీ సమ్మతమైంది. గో భాషలో జీఓఎఫ్ఎంటీ, పైథాన్‌లో బ్లాక్ అనే ఫార్మాటర్లు చేసేదీ ఇదే పని. బ్లాక్ అయితే తాను రాజీపడని ఫార్మాటర్‌నని ముందే చెప్పుకుంటుంది.

సెమీకోలన్ వద్దనే పక్షానికి మాత్రం ఒక స్విచ్ ఇచ్చారు. అది ఆన్ చేస్తే లైన్ల చివర సెమీకోలన్లు పోతాయి. అయితే జావాస్క్రిప్ట్‌లో ఒక లైను బ్రాకెట్‌తో మొదలైతే, పై లైను చివర సెమీకోలన్ లేకపోతే, రెండూ కలిసి ఒకటే అనుకునే ప్రమాదం ఉంది. అందుకని ప్రిటియర్ అలాంటి లైన్ల ముందు తానే ఒక సెమీకోలన్ పెడుతుంది. అసలు వద్దన్నవాళ్లకి అది లైను మొదట్లో ఎదురొస్తుంది. ఆ దృశ్యం మొదటిసారి చూసినప్పుడు మా టీమ్‌లో రెండు పక్షాలూ కలిసి నవ్వాయి.

అన్ని గొడవలూ ఉత్తవే అనను. చివరి కామా వాదనలో నిజంగా సరుకుంది. జాబితాలో చివరి అంశం తర్వాత కామా లేదనుకోండి, కొత్త అంశం చేర్చినప్పుడు రెండు లైన్లు మారినట్టు కనిపిస్తుంది: కొత్తదీ, కామా చేర్చిన పాతదీ. కామా ముందే ఉంటే ఒక్క లైనే మారుతుంది, రివ్యూ చేసేవాడి కళ్లకి హాయి. ప్రిటియర్ కూడా ఈ సంగతి మెల్లిగా ఒప్పుకుంది. మొదట్లో డిఫాల్ట్‌గా కామా పెట్టేది కాదు. 2020లో వచ్చిన 2.0 నుంచి చాలాచోట్ల పెట్టింది, 2023లో 3.0 నుంచి వీలైన ప్రతిచోటా పెడుతోంది. అంటే నేను 2015 నుంచీ చెప్తున్నదే. ఎవరూ అడగలేదు కానీ ఇక్కడ రాసుకుంటున్నాను.

పెట్టిన రోజు నేను చేసిన తెలివితక్కువ పని కూడా చెప్పాలి. శుక్రవారం సాయంత్రం, అందరూ వెళ్లిపోయాక, మొత్తం రిపాజిటరీ (ప్రాజెక్టు కోడంతా ఉండే చోటు) మీద ఒకేసారి నడిపి కమిట్ చేసేశాను, అంటే ఆ మార్పుని కోడ్ చరిత్రలో నమోదు చేసేశాను. సోమవారం పొద్దున వచ్చేసరికి తొమ్మిది బ్రాంచీలు (విడిగా పని నడిచే కోడ్ పాయలు), తొమ్మిదింట్లోనూ మెర్జ్ కాన్‌ఫ్లిక్టులు, అంటే కలపబోతే ఢీకొనే మార్పులు. అది రెండు రోజుల టెన్షన్‌తో పోయింది. పోనిది ఇంకోటి ఉంది. కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌లో బ్లేమ్ అని కొడితే ఏ లైను ఎవరు రాశారో చూపిస్తుంది కదా, ఇప్పుడు దాదాపు ప్రతి లైనూ నా పేరు మీదే ఉంది. నేను చేరకముందు రాసిన కోడ్‌కి కూడా నేనే బాధ్యుణ్ణి. 'ఈ లాగిన్ ఇలా ఎందుకు రాశావు?' అని ఎవరెవరో అడగడం, నేను రాయలేదని ప్రమాణాలు చెయ్యడం, ఇలా కొన్ని నెలలు నడిచింది. చివరికి దారి గిట్‌లోనే దొరికింది. 2019లో వచ్చిన 2.23 నుంచి, ఫలానా కమిట్లని బ్లేమ్‌లో లెక్కలోకి తీసుకోవద్దని ఒక ఫైల్లో రాసి ఇవ్వొచ్చు. మీరు కొత్తగా పెడుతుంటే ఆ ఫైలు అదే రోజు పెట్టండి. తెరిచి ఉన్న బ్రాంచీలు ముందు మెర్జ్ చేయించండి. శుక్రవారం జోలికి పోకండి.

ఇక నచ్చనివి. గ్రాఫిక్స్ కోడ్‌లో నాలుగు నిలువు నాలుగు అడ్డం మాత్రికని చక్కగా చతురస్రంలా పేర్చి రాస్తాం, చూడగానే ఏ అంకె ఎక్కడుందో తెలియడానికి. ప్రిటియర్‌కి ఆ చతురస్రంతో పనిలేదు, పదహారు అంకెలూ 80 అక్షరాల్లో పడితే ఒకే లైన్లో కుక్కేస్తుంది. పైన 'ప్రిటియర్ ఇగ్నోర్' అని కామెంట్ రాస్తే ముట్టుకోదు, కానీ ప్రతి మాత్రిక నెత్తినా ఆ కామెంట్ చూడాలి. ఒకదాంట్లో ఒకటి దూర్చిన టెర్నరీల ('ఇదైతే అది, కాకపోతే ఇంకోటి' అని ఒకే వాక్యంలో రాసే షరతుల) సంగతైతే అడక్కండి. వాటికి ఇండెంట్ (లైను ముందు వదిలే ఖాళీ) తీసేసి చదువుకోండి అన్నారు, తిట్టుకుంటూ చదివాం, 2023 నవంబరులో 3.1తో మళ్లీ ఇండెంట్ తెచ్చారు. ఆ అప్‌గ్రేడ్ రోజు మారిన ఫైళ్ల జాబితా చూసి ఒక కప్పు కాఫీ అదనంగా తాగాను.

మనం లైన్లు ఎలా విరిచామో పట్టించుకోదన్నానా, దానికీ ఒక మినహాయింపు ఉంది. ఆబ్జెక్ట్ (బ్రాకెట్లలో రాసే పేరు-విలువ జతలు) తెరిచిన బ్రాకెట్‌కీ మొదటి పేరుకీ మధ్య మనం ఎంటర్ కొట్టి ఉంటే, ఒకే లైన్లో పట్టేదైనా విప్పే ఉంచుతుంది. కొట్టకపోతే మూసేస్తుంది. ఇది తెలిసినవాళ్లకి వాదన మళ్లీ మొదలెట్టడానికి ఆ ఒక్క సందు చాలు. మా దగ్గర మొదలెట్టింది నేనే.

వేగం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. పెద్ద రిపాజిటరీ మొత్తం మీద నడిపితే నిదానమే, కానీ ఒక్క ఫైల్ సేవ్ చేసేటప్పుడు తెలియదు. రస్ట్ భాషలో రాసిన బయోమ్ అనే ఫార్మాటర్ దీనికి చాలా దగ్గరి ఫలితాన్నే ఎంతో వేగంగా ఇస్తుంది. కొత్త ప్రాజెక్టైతే దాన్నీ చూడండి. జావాస్క్రిప్ట్ కోడ్‌లో తప్పులు పట్టే ఈఎస్‌లింట్‌తో కలిపి వాడుతుంటే అమరిక నియమాలు అందులో ఆపేయండి. అలాంటి నియమాలని వాళ్లే 2023లో పక్కనపెట్టారు.

అసలు విషయానికొస్తా. ప్రిటియర్ పెట్టిన మొదటి నెలలో మా కోడ్ రివ్యూలు నిశ్శబ్దం అయిపోయాయి. సంబరపడ్డాను. రెండో నెలలో అనుమానం వచ్చింది. రెండు వందల లైన్ల మార్పు కింద ఒకే ఒక్క కామెంట్: 'బాగుంది'. రాసింది నేనే. అమరిక గురించి మాట్లాడటానికి లేకపోయేసరికి నాకు చెప్పడానికి ఏమీ మిగల్లేదు. మిగల్లేదంటే కోడ్‌లో తప్పుల్లేక కాదు, నేను చదవక. అన్నేళ్లూ కామాలు ఏరుతూ రివ్యూ చేస్తున్నాననుకున్నాను. ఇప్పుడు ఒక్కో ఫంక్షన్‌కీ హద్దుల్లో ఉండే విలువలు కాగితం మీద రాసుకుని చేత్తో నడిపి చూస్తున్నాను. సున్నా వస్తే ఏమవుతుంది, ఖాళీ జాబితా వస్తే ఏమవుతుంది, చివరిది వస్తే ఏమవుతుంది. గంట పడుతుంది, విసుగు కూడా. ఏఐతో రాయించిన కోడ్ వస్తున్నప్పటి నుంచి ఇది ఇంకా ఎక్కువైంది. ఇదివరకు అడ్డదిడ్డంగా ఉన్న ఇండెంట్ చూసి హడావిడిలో రాశాడని పసిగట్టేవాణ్ణి. ఇప్పుడు తప్పుల కోడ్ కూడా ఇస్త్రీ బట్టల్లో వస్తోంది.

ఇన్ని వాదనల్లో నేను నిజంగా అభిప్రాయం మార్చుకున్నది ఒక్కటే, ట్యాబ్. మార్చింది సర్వే కాదు. మా టీమ్‌లో చూపు తక్కువున్న ఒకావిడ చేరింది. అక్షరాలు బాగా పెద్దవి చేసుకుని పనిచేస్తుంది, స్క్రీన్ మీద పట్టేవి పాతిక లైన్లు కూడా ఉండవు. ఒకసారి పక్కన కూర్చుని చూశాను. మా కోడ్ నాలుగైదు మెట్లు లోపలికి వెళ్లేసరికి సగం స్క్రీన్ ఉత్త ఖాళీ, అసలు కోడ్ కుడి అంచుకి అతుక్కుని ఉంది. ట్యాబ్ అయితే ఎవరి ఎడిటర్లో వాళ్లు వెడల్పు తగ్గించుకోవచ్చు, స్పేస్‌కి ఆ వెసులుబాటు లేదు. బ్రెయిల్ డిస్‌ప్లే వాడేవాళ్లకైతే ఒక్కో స్పేసూ ఒక్కో గడి తినేస్తుంది. ప్రిటియర్ డిఫాల్ట్ ఇప్పటికీ స్పేస్‌లే, ఇదే కారణంతో మార్చమని చాలామంది అడిగినా మారలేదు. నా దృష్టిలో దీనికున్న పెద్ద లోటు ఇదే. ఆవిడ మాత్రం నన్ను ఏమీ అడగలేదు. మధ్యాహ్నం నేనే సెట్టింగుల ఫైల్లో ట్యాబ్ లైను చేర్చాను. మా ఒప్పందానికి పెట్టుకున్న ఒకే ఒక్క మినహాయింపు అది.

పోయిన వారం కొత్తగా చేరిన అబ్బాయి ఆ లైను తీసేస్తూ పుల్ రిక్వెస్ట్ పెట్టాడు. డిఫాల్టే వాడదాం అన్నది మన పద్ధతే కదా సార్, అన్నాడు. తప్పేం లేదు, ఆ లైను ఎందుకుందో ఎక్కడా రాసి లేదు. పక్కనే ఒక కామెంట్ రాసి పెడదామని ఫైల్ తెరిచాను. అది జేసన్ అనే పద్ధతిలో రాసిన ఫైల్, కామెంట్లు ఒప్పుకోదు. సరేనని ఫైల్‌ని కామెంట్లు ఒప్పుకునే యామెల్ పద్ధతిలోకి మార్చి, కారణం రెండు లైన్లలో రాసి పంపాను. ఆ కారణాన్ని ఎవరూ కాదనలేదు. జేసన్ మేలా యామెల్ మేలా అని మాత్రం ఇప్పటికి పదకొండు కామెంట్లు వచ్చాయి, అందులో నావి నాలుగు.