ఎలక్ట్రోడయాలసిస్ పొరలు: ప్లాంట్లో ఏళ్ల తరబడి వాడాక

కరెంటు పెట్టి, పొరల గుండా ద్రావణంలోని ఉప్పు తీసే ఎలక్ట్రోడయాలసిస్ యూనిట్ కొనేవాళ్లు ముందు ఆనయాన్ పొర (మైనస్ ఛార్జీ అయాన్లను పోనిచ్చే పొర) గురించి అడగాలి. రెక్టిఫయర్ (ఏసీని డీసీగా మార్చేది), పంపులు, ప్యానెల్ బోర్డు అన్నీ ఆ తర్వాతే. పటాన్‌చెరు వైపు గ్లైసిన్ అనే అమైనో ఆసిడ్ తయారుచేసే ఒక ప్లాంట్లో ఈ యూనిట్‌ను ఏళ్లుగా నడుపుతున్నాను. అది బాగా నడిచినా, మొరాయించినా చాలావరకు కారణం ఆ ఒక్క పొరే.

మోనోక్లోరోఎసిటిక్ ఆసిడ్‌కు అమ్మోనియా కలిపితే గ్లైసిన్‌తో పాటు అమ్మోనియం క్లోరైడ్ కూడా పుడుతుంది. లెక్క ప్రకారం కిలో గ్లైసిన్‌కు 700 గ్రాములకు పైగా ఉప్పు. రెండూ నీళ్లలో బాగా కరిగేవే. మెథనాల్ పోసి గ్లైసిన్‌ను దింపుకున్నా, మదర్ లిక్కర్‌లో (స్ఫటికాలు తీశాక మిగిలిన ద్రావణంలో) ఇంకా రెండూ కలిసే ఉంటాయి. మెథనాల్ మొత్తం రికవరీ చేశాక ఆ లిక్కర్‌ను స్టాక్‌లోకి, అంటే యూనిట్‌లోని పొరల దొంతరలోకి తిప్పుతాం.

స్టాక్ లోపల కాటయాన్ పొర (ప్లస్ అయాన్లను పోనిచ్చేది), ఆనయాన్ పొర ఒకదాని తర్వాత ఒకటిగా ఉంటాయి, మధ్యలో జాలీ స్పేసర్లు. చివరల్లో డీసీ కరెంటు ఇవ్వగానే అమ్మోనియం ఒక పొర గుండా, క్లోరైడ్ రెండో పొర గుండా పక్క గదుల్లోకి పోతాయి. గ్లైసిన్ మాత్రం పీహెచ్ 6 దగ్గర ప్లస్, మైనస్ రెండూ మోస్తూ మొత్తం మీద ఏ ఛార్జీ లేకుండా ఉంటుంది కాబట్టి కరెంటు దాన్ని లాగలేదు. అందుకే ఈ పద్ధతి గ్లైసిన్‌కు ఇంత చక్కగా కుదిరింది. పీహెచ్ అటూ ఇటూ జరిగితే మాత్రం సరుకు కూడా ఉప్పుతో పాటే వెళ్లిపోతుంది.

కరెంటు ఖర్చు గురించి అందరూ భయపెడతారు. లెక్క చూడండి. కిలో అమ్మోనియం క్లోరైడ్ తీయడానికి ఒక్క జత పొరలకు సుమారు 500 ఆంపియర్-గంటలు కావాలి. జతకు ఒక వోల్టు పడితే అర యూనిట్. కరెంటులో కొంత వృథా అవుతుందనుకున్నా 0.6 యూనిట్లు, పంపుల ఖర్చు వేరు. లీటరు నీటిని ఒకే దశలో ఆవిరి చేయడానికి పట్టే వేడి కూడా 0.63 యూనిట్లే! ఎంఈఈ (నీటిని పలు దశల్లో ఆవిరి చేసే యంత్రం) నడిపేవాళ్లకు ఈ పోలిక చాలు. అయితే ఉప్పు ఎక్కడికీ మాయమవదు. పక్క గదుల్లో పోగైన ఉప్పు ద్రావణం, అంటే కాన్సంట్రేట్, చివరికి ఎంఈఈకే చేరుతుంది, కాకపోతే చాలా చిక్కగా చేరుతుంది. జపాన్‌లో 1972 నుంచి సముద్రపు నీటిని ఈ పొరలతోనే చిక్కబరిచి వంట ఉప్పు తీస్తున్నారంటే, ఎంత చిక్కగా చేయొచ్చో ఊహించుకోవచ్చు. అయాన్లు తమతో నీటిని కూడా మోసుకుపోతాయి కాబట్టి కాన్సంట్రేట్ ట్యాంకు మట్టం పెరుగుతూ ఉంటుంది. ఆ పొంగుకు లైను ముందే వేసుకోవాలి.

పొరలు రెండు రకాలూ వాడాం. అయాన్లను పట్టుకునే రెజిన్ పొడిని పాలిథిలీన్‌లో కలిపి తీసిన మందం పొరలు మొరటు పనికి తట్టుకుంటాయి. స్టాక్ విప్పి మళ్లీ బిగించినా చిరగవు, కొత్త ఆపరేటర్ చేతిలోనూ బతుకుతాయి. కానీ నిరోధం ఎక్కువ, గ్లైసిన్ కారడం కూడా మా దగ్గర వీటిలోనే ఎక్కువ కనిపించింది. పల్చటి హోమోజీనియస్ (అంతటా ఒకే పదార్థంతో చేసిన) పొరలు, అంటే మిల్లీమీటరులో ఏడో వంతు మందం ఉండేవి, కరెంటు బాగా ఆదా చేస్తాయి. ధర ఎక్కువ, ఎండనిస్తే చాలా రకాలు చిట్లిపోతాయి. షట్‌డౌన్‌లో ఉప్పునీళ్లలో నానబెట్టి ఉంచాల్సిందే. సరుకు విలువైనదైతే పల్చటి పొరలే కొనమంటాను. వ్యర్థజలాలకైతే మందం పొరలు చాలు.

ఇక ఆనయాన్ పొర సంగతి. స్టాక్ విప్పి చూస్తే కాటయాన్ పొరలు దాదాపు కొత్తవాటిలా ఉంటాయి, ఆనయాన్ పొరలు టీ డికాక్షన్ రంగుకు తిరిగి ఉంటాయి. లిక్కర్‌కు రంగునిచ్చే పెద్ద సేంద్రియ అణువుల్లో చాలావాటికి మైనస్ ఛార్జీ ఉంటుంది. అవి క్లోరైడ్ వెంట ఆనయాన్ పొరలోకి దూరి అక్కడే ఇరుక్కుపోతాయి. వోల్టేజీ పెరుగుతుంది, బ్యాచ్ సమయం సాగుతుంది. యాక్టివేటెడ్ కార్బన్ మీదుగా పోనిచ్చి, తర్వాత 5 మైక్రాన్ ఫిల్టర్ పెడితే ఈ బాధ చాలావరకు తీరింది. మిగిలినదానికి 5 శాతం ఉప్పునీళ్లలో 1 శాతం కాస్టిక్ కలిపి కడగడం. సున్నం పేరుకుంటే పలుచటి హైడ్రోక్లోరిక్ ఆసిడ్. వేడి కాస్టిక్ మాత్రం ఎప్పుడూ వద్దు, ఆనయాన్ పొరలో ప్లస్ ఛార్జీ మోసే క్వాటర్నరీ అమ్మోనియం గుంపులు వేడికీ క్షారానికీ రాలిపోతాయి. మామూలు పొరలకు 40 డిగ్రీలే హద్దు. మే నెలలో షెడ్డు లోపల ఆ హద్దు దాటడం చాలా తేలిక కాబట్టి ఫీడ్ ట్యాంకుకు కూలింగ్ తప్పనిసరి.

ఎలక్ట్రోడ్ గదుల్లో సోడియం సల్ఫేట్ తిప్పండి. క్లోరైడ్ తిప్పితే ఆనోడ్ దగ్గర క్లోరిన్ పుట్టి పక్కనున్న పొరను తినేస్తుంది. కాథోడ్ వైపు హైడ్రోజన్‌కు వెంట్ బయటికి తీయాలి.

ఎక్కువ నష్టం బ్యాచ్ చివర్లో జరుగుతుంది. ఉప్పు తగ్గేకొద్దీ పొర దగ్గరికి చేరే అయాన్లు చాలవు. అప్పుడూ అదే వోల్టేజీ ఉంచితే కరెంటు నీటినే విడగొడుతుంది, పీహెచ్ జారుతుంది, గ్లైసిన్‌కు ఛార్జీ వచ్చి కాన్సంట్రేట్‌లోకి పోతుంది. అందుకని అయాన్లు చాలకుండా పోయే ఆ పరిమితి కరెంటును మన ద్రావణంతోనే కొలిపించి, అందులో 70-80 శాతం దగ్గర నడపాలి. కండక్టివిటీ దిగుతున్నకొద్దీ కరెంటు కూడా దించాలి. చివరి కాస్త ఉప్పును స్టాక్‌తో పీకాలని చూడకుండా రెజిన్ కాలమ్‌కు (అయాన్లను పట్టుకునే రెజిన్ నింపిన గొట్టానికి) వదిలేయడం మేలు.

సిలికా, ఛార్జీ లేని సేంద్రియాలు ఈ పొరలతో పోవు. ఎఫ్లుయెంట్‌లో (వ్యర్థజలంలో) సీఓడీ, అంటే సేంద్రియ మాలిన్యం కొలత, తగ్గించుకోవాలని కొనేవాళ్లకు ఇది పనికిరాదు. టోలీన్, డీసీఎం (డైక్లోరోమీథేన్) లాంటి సాల్వెంట్ కొద్దిగా మిగిలినా పొరలు ఉబ్బుతాయి, కాబట్టి స్ట్రిప్పర్ (సాల్వెంట్‌ను ఆవిరిగా తీసేసే కాలమ్) దాటని ద్రావణం స్టాక్ దాకా రాకూడదు. ఆర్డరు పెట్టేటప్పుడు రెండు పొరలనూ సమాన సంఖ్యలో స్పేర్లుగా అంటగట్టనివ్వకండి. ఆనయాన్ పొరలు రెట్టింపు తీసుకోండి.